పొలములో లోహశోధక యంత్రము: వేరుపాటు మీటను వాడు పద్ధతి

వేరుసెనగ పీకు దినములలోను, పత్తి తీయు దినములలోను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పొలములలో కూలికి వచ్చిన స్త్రీల చెవికమ్మయో, ముక్కుపుడకయో, మెడలోని బంగారు గుండో జారి మట్టిలో కలియుట వింత సంగతి కాదు. ఆ నగ యెంత చిన్నదైనను ఆ యింటివారికి అది యేండ్ల కష్టము. పూర్వము మట్టిని చేటలతో చెరిగి, జల్లెడలతో జల్లించి వెదకుట తప్ప వేరు మార్గము లేకుండెను. ఇప్పుడు మెటల్ డిటెక్టరు అను లోహశోధక యంత్రము దొరకుచున్నది. దానిని కొనువారును, బాడుగకు తెచ్చువారును గలరు. అయితే యంత్రము చేతనుండియు నగ దొరకక, ఇది పనికిమాలిన వస్తువని మూలను పడవేయుట కూడ కలదు. ఇందుకు కారణము తరచుగా యంత్రమున నుండదు. దానికి గల యొక మీటను అక్కరకు మించి త్రిప్పుటలో నుండును. ఆ మీటకు డిస్క్రిమినేషను అని పేరు. ఒక లోహమునకు మ్రోగి, మరియొక లోహమునకు మౌనముగా నుండుమని యంత్రమునకు చెప్పునది గనుక మనము దీనిని వేరుపాటు మీట యందము. దాని గుణదోషములను రైతు సోదరులకు తెలుపుటకే యీ పాఠము.

మొదట యంత్రము పనిచేయు విధమును గ్రహింపవలయును. కర్ర చివర పళ్లెము వలె గనుపించు దానిలో రాగితీగ చుట్టలు గలవు. ఒక చుట్టలో విద్యుత్తు సెకనుకు కొన్ని వేలమారులు అటునిటు మారుచు ప్రవహించును. అందువలన దాని క్రింది మట్టిలో అయస్కాంతశక్తి యెగసి పడుచుండును. ఆ శక్తి లోహమునకు తగిలినప్పుడు లోహములో సుడులవంటి చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. ఆ సుడులు తిరిగి తమ అయస్కాంతశక్తిని పైకి పంపును. దానిని రెండవ చుట్ట పసికట్టును. ఈ బదులు కొంత ఆలస్యముగా వచ్చును. ఆ యాలస్యము అన్ని లోహములకు నొకటి కాదు. ఇనుము అయస్కాంతమునకు లొంగునది గనుక దాని బదులు ఒక తీరున నుండును. విద్యుత్తును బాగుగా పోనిచ్చు వెండి, రాగి వంటి వాని బదులు మరియొక తీరున నుండును. యంత్రము ఆ తేడాను కొలిచి, అంకెగానో, స్వరభేదముగానో మనకు తెలుపును.

ఇచ్చట నొక ముఖ్యసంగతి గలదు. దుకాణదారులు దీనిని చెప్పరు. యంత్రము కొలుచునది లోహము పేరును గాదు, దాని నడవడిని. ఆ నడవడి లోహపు జాతిని బట్టియే గాక, దాని పరిమాణమును, మందమును, ఆకారమును బట్టియు మారును. వెండి రూపాయి పెద్ద అంకెను చూపును. ఉంగరమంత బంగారము నడిమి అంకెను చూపును. ముక్కుపుడకయంత బంగారమైనచో, మాత్రల పట్టీల రేకును, పురుగుమందు సీసా మూత క్రింది అల్యూమినియము రేకును చూపు అంకెనే చూపును. బంగారు గొలుసు సంగతి యింకను విచిత్రము. అది రెండు మూడు తులములు తూగినను, యంత్రము దానిని ఒక ముద్దగా చూడదు. కడియమునకు కడియమునకు నడుమ విద్యుత్తు సరిగా పారదు గనుక ఒక్కొక్క కడియమును విడివిడిగా చూచును. కావున పెద్ద గొలుసు కూడ చిన్న రేకుముక్క వలెనే బదులు పలుకును, ఒక్కొకప్పుడు అసలు పలుకకయే పోవును. దానికున్న బిళ్లయో, కొక్కెమో ముందుగా వినబడును.

ఇక నీ వేరుపాటు మీట చేయునదేమన, అంకెల వరుసలో క్రిందినుండి యొక హద్దు వరకు గల లోహములన్నిటికి నోరు మూయించును. మేకులకు మ్రోగకుండ చేయుటకు దానిని కొంచెము త్రిప్పుదురు. రేకులు కూడ విసిగించుచున్నవని యింకను త్రిప్పుదురు. అంతటితో రేకులతోపాటు ముక్కుపుడక, కమ్మ, గొలుసు అన్నియు మూగపోవును. వెదకుచున్న నగ పళ్లెము క్రిందనే యుండును, యంత్రము పలుకదు. రేకును విడిచి బంగారమును మాత్రమే పట్టు హద్దు ఆ వరుసలో నెచ్చటను లేదు, ఏలయన రెండును ఒక్కచోటనే యున్నవి. కొన్ని యంత్రములలో క్రిందినుండి గాక, నడుమ నొక ముక్కను మాత్రమే మూయు సదుపాయము గలదు. అదియు నిట్టిదే: ఆ ముక్కలో రేకుతోపాటు ఉంగరమును పోవును.

మేకు ప్రక్కనే నగ పడియున్నప్పుడు కలుగు చిక్కు వేరు. మేకునకు మౌనము వహింపుమని చెప్పిన యంత్రము, మేకును విడిచిన వెంటనే తేరుకొనదు; ఆ క్షణములో ప్రక్కనున్న నగ మీదుగా దాటిపోవును. యంత్రమును కొంత నెమ్మదిగా త్రిప్పుట మేలు. కొంతవరకు చిన్న పళ్లెమును సహాయపడును. దీనికి చరిత్రలో నొక యుదాహరణము గలదు. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిగుండు తగిలి పడిపోయెను. దేహములో గుండెచ్చట నున్నదో తెలియలేదు. టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండరు గ్రాహం బెల్లు ఇట్టి లోహశోధక సాధనమునే తయారుచేసి రోగి శయ్యవద్దకు తెచ్చెను. సాధనము మంచిదే, బయట పరీక్షించినప్పుడు గుండ్లను చక్కగా పట్టెను. అధ్యక్షుని పరుపులో ఉక్కుతీగల స్ప్రింగు లుండుటచే నది గందరగోళముగా మ్రోగెను. వైద్యుడు దేహమున కుడివైపును మాత్రమే వెదకనిచ్చుట కూడ దానికి తోడయ్యెను. గుండు దొరకలేదు, సెప్టెంబరు 19న ఆయన మరణించెను. మన పొలములలో స్ప్రింగుల పరుపునకు బదులు మేకులును, తీగముక్కలును గలవు.

ఇనుము ఎప్పుడును ఇనుము వలెనే పలుకునని తలంచుట కూడ పొరపాటే. చిన్నమేకు తన జాతి స్వరముననే పలుకును గాని, వెడల్పైన ఇనుపరేకు, విరిగిన గుంటక పాస, ఎద్దుల లాడము, బండిచక్రపు పట్టా ముక్క వంటివి ఒక్కొకప్పుడు వెండి వలె హెచ్చుస్వరమున పలికి మోసగించును. అట్టిచోట రెండు పరీక్షలు చేయవలయును. పళ్లెమును తూర్పు పడమరలుగా ఆడించి, పిమ్మట అడ్డముగా ఉత్తర దక్షిణములుగా ఆడించవలయును. రెండు దిక్కులను ఒకే తీరుగా, తెగకుండ మ్రోగినచో ఇనుము కాకపోవచ్చును; ఒక దిక్కున మ్రోగి మరియొక దిక్కున తెగితెగి గరగరలాడినచో ఇనుమే యని సందేహింపవచ్చును. రెండవది, పళ్లెమును జానెడు పైకెత్తి చూచుట. చిన్న వస్తువు స్వరము త్వరగా సన్నగిల్లును. పెద్ద ఇనుము అంత యెత్తునుండియు మ్రోగుచునే యుండును. ఈ పరీక్షలు సూచనలు మాత్రమే. చివరి తీర్పు తొలికిదే.

ఇందుకు విరుద్ధమైన సంగతి మరియొకటి. నేటి రూపాయి, రెండు రూపాయల నాణెములు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయబడినవి, అయస్కాంతమునకు అంటుకొనును. ఇనుమును మూయించిన యంత్రము ఈ నాణెములను కూడ తరచు విడిచిపెట్టును. విక్టోరియా రాణి ముద్ర గల 11.66 గ్రాముల వెండి రూపాయి మాత్రము చెవి గింగురుమనునట్లు పలుకును. పిల్లవాడు పోగొట్టుకొన్న చిల్లర దొరకలేదని యంత్రమును తిట్టరాదు.

నేలను గూర్చి కొంత చెప్పవలయును. మన పడమటి తాలూకాలలో నల్లరేగడియు, ఎర్రనేలయు, వాని నడుమ గరుసు నేలలును గలవు. ఎర్రనేల యెరుపు ఇనుప భస్మములవలన వచ్చినది. అట్టి నేలయే స్వల్పముగ లోహము వలె బదులు పలుకును. అందుచేత యంత్రమునకు గ్రౌండు బాలెన్సు అను నేల సవరింపు మీట యుండును. లోహము లేని చోట పళ్లెమును పైకి క్రిందికి ఆడించుచు, నేల పలుకు అణగువరకు దానిని సరిచేసికొనవలయును. ఎర్రచేనులో సవరించిన యంత్రమును రేగడిచేనులోనికి తీసికొనిపోయినప్పుడు మరల సవరించుకొనక తప్పదు. నేల పలుకును వేరుపాటు మీటతో అణచుట చాలమంది చేయు పని. అది తప్పు. నేల సద్దు అణగును, దానితోపాటు సన్నని బంగారమును అణగును. బోరు మోటారు స్టార్టరు వద్దను, కరెంటు తీగల క్రిందను యంత్రము ఊరక కూయుచుండినచో, దాని గ్రహణశక్తిని తగ్గించు మీట వేరే కలదు, దానిని వాడవలయును. జేబులోని సెల్‌ఫోనును దూరముగా ఉంచవలయును. త్రవ్వువారి గాజులు, కాలిమెట్టెలు, పార, తొలిక కూడ మ్రోగును గదా!

నగ పోయినప్పుడు వెదకు క్రమమిది. మొదట ఆ కూలిస్త్రీ ఏ సాళ్లలో పనిచేసినదో, ఎచ్చట కూర్చుండి అన్నము తిన్నదో, తలమూట ఎచ్చట దించినదో అడిగి తెలిసికొనవలయును. ఆ చోటులను పుల్లలు నాటి గుర్తించవలయును. నేలను దున్నరాదు, గుంటక తోలరాదు. దున్నినచో నగ లోతునకు పోవును. ఇది మిక్కిలి ముఖ్యము, ఏలయన ముక్కుపుడకయంత వస్తువును సామాన్య యంత్రము బెత్తెడు లోతునకు మించి పట్టుట అరుదు. రూపాయి బిళ్లయంత వస్తువునైతే జానెడు లోతువరకు పట్టవచ్చును. పీకిన వేరుసెనగ కట్టెతో పాటు నగ వామిలోనికి పోవుట కూడ సంభవమే. కావున చేనికంటె ముందు వామిని, కాయలు కోసిన కళ్లమును చూచుట తెలివి. అచ్చట రాళ్లు, మేకులు తక్కువ, పని సులభము.

చేనిలో రెండు మూరల వెడల్పున త్రాళ్లు కట్టి, ఒక్కొక్క పట్టె చొప్పున పోవలయును. పళ్లెమును నేలకు దాదాపు తగులునంత దగ్గరగా, మట్టముగా త్రిప్పవలయును. కొందరు గడ్డికొడవలి విసరినట్లు చివరలయందు పైకెత్తుదురు. అట్లు ఎత్తిన చోట్ల వెదకనట్లే. ప్రతి విసురును ముందటి విసురుమీద సగము పడవలయును. వేరుపాటు మీటను పూర్తిగా క్రిందికి దించి, అన్ని లోహములకు మ్రోగునట్లు ఉంచవలయును. మేకులు మరీ యెక్కువగా నున్నచో ఆ పట్టెలో ముందుగా బలమైన అయస్కాంతమును కర్రకు కట్టి నేలపై ఈడ్చి, పైనున్న తుక్కు ఇనుమును ఏరివేయవలయును. మీటతో మేకు నోరు మూయించుటకంటె మేకును ఏరివేయుట మేలు, ఏలయన మరుసటి సారియు నది అడ్డురాదు. ఎద్దుకాలికిని, ట్రాక్టరు టైరుకును కూడ క్షేమము. అంతకును సహింపరాని చోట మీటను సన్నమేకు అణగునంత మాత్రము త్రిప్పి, అచ్చట ఆపవలయును. రేకు అణగువరకు పోనీయరాదు. మ్రోగిన ప్రతి రేకును త్రవ్వి తీయవలయును. ఒక పూటలో నలువది రేకులు వచ్చినచో విసుగు పుట్టును, నిజమే. ఆ నలువదియొకటవది కమ్మ కావచ్చును.

ఈ విషయమున చెవికి శిక్షణ ఇచ్చుటకు సులభోపాయము గలదు. ఇంటి పెరటిలో లోహము లేని నేలను చూచి, మూరకొకటి చొప్పున మేకును, మాత్రల రేకును, ఇత్తడి బొత్తామును, రాగితీగ ముక్కను, నేటి రూపాయిని, పాత వెండి రూపాయిని నాలుగు వ్రేళ్ల లోతున పాతి, ఒక్కొక్కదానికి గుర్తు పెట్టవలయును. బంగారు ఉంగరమును, కమ్మను పాతనక్కరలేదు. దారము కట్టి నేలపై ఉంచినచో చాలును. పిమ్మట మీటను సున్నవద్ద నుంచి ఒక్కొక్క మెట్టు పెంచుచు, ఏ మెట్టున ఏ వస్తువు మూగవోవుచున్నదో కాగితముపై వ్రాసికొనవలయును. కమ్మ మూగవోవు మెట్టు మీకు విస్మయము గలిగించును. అంకెలు యంత్రము యంత్రమునకు మారును గనుక ఒకరి యంత్రపు కాగితము మరియొకరికి పనికిరాదు.

ఇంతవరకు బంగారమును గూర్చి. ఇనుమునే వెదకవలసినప్పుడు ఈ మీట మరింత శత్రువు. దుక్కిలో ఊడిపడిన మడక కర్రు, ట్రాక్టరు నాగలి బోల్టు, గొర్రు ముక్క దొరకవలెనన్నచో వేరుపాటు పూర్తిగా తీసివేయవలయును. పశువుల మేతవిషయము ఇంకను జాగ్రత్త కోరును. చొప్పలోను, పొట్టులోను కలిసిన తీగముక్కను పశువు నమలక మ్రింగును. అది తేనెపట్టువంటి రెండవ కడుపులో నిలిచి, గోడను పొడుచుకొని గుండెవైపు పోవుటయు గలదు. పొట్టు సంచులను కొట్టమునకు చేర్చుటకు ముందు యంత్రముతో తడవి చూచుట మంచిదే గాని, వేరుపాటు త్రిప్పియున్న యంత్రము ప్రాణాంతకమైన ఆ తీగనే విడిచిపెట్టి, హానిలేని రేకునకు మ్రోగును. ఆదోని జిన్నింగు మిల్లులకు పోవు పత్తి సంగతియు నిట్టిదే; పత్తిలోని ఇనుపముక్క యంత్రపు రంపములకు తగిలి నిప్పురవ్వలు రాల్చును.

ఇక కొనుబడిని గూర్చి. "ఈ యంత్రము బంగారమును మాత్రమే చూపును, వంద గజముల దూరమునుండి చూపును" అని అమ్మజూపు వానిని నమ్మరాదు. పైన చెప్పిన కారణముచేత బంగారమునకే మ్రోగు యంత్రము నుండజాలదు. రెండు ఇత్తడి పుల్లలు, ఒక పిడి, లోపల నేమియు లేని డబ్బా: ఇట్టివి లోకమంతట అమ్ముడుపోయినవి. ఇంగ్లండులో ఒక వర్తకుడు ఇటువంటి వట్టి పిడులనే బాంబులను పసిగట్టునవని ఇరాకు ప్రభుత్వమునకు పెద్దయెత్తున అమ్మెను. 2013లో అచ్చటి న్యాయస్థానము వానికి పదియేండ్ల కారాగారశిక్ష విధించెను. కొనుటకు ముందు మీ ఉంగరమును, ఒక రేకును కాగితము క్రింద దాచి, ఏది యేదో చెప్పుమని అమ్మువానిని అడుగుడు.

తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి ప్రాంతములలో తొలకరి వానలు పడగానే జనులు వజ్రములకై చేలలో వెదకుట అందరెరిగినదే. వజ్రము బొగ్గుజాతి పదార్థము, విద్యుత్తును పోనీయదు, ఏ లోహశోధక యంత్రమును దానికి మ్రోగదు. జొన్నగిరి గనుల బంగారము రాతిలో కంటికి కానరానంత సన్నని రేణువులుగా చెదరియున్నది, దానికిని మ్రోగదు. ఈ రెంటి పేరు చెప్పి యంత్రమును బాడుగకిచ్చువారు మీ సొమ్ము తీసికొనుట తప్ప చేయునది లేదు.

గుప్తనిధుల పేరిట పొలమును త్రవ్వనిమ్మని వచ్చువారి సంగతి యింకను ప్రమాదకరము. ఆదోని కోట విజయనగరపు నాటినుండి పెక్కు ప్రభువుల చేతులు మారినది. 1786లో టిప్పు సుల్తాను దానిని ముట్టడించి పట్టుకొనెను. 1800లో ఈ సీమ కుంఫిణీవారి వశమయ్యెను. ఇట్టి చరిత్ర గల నేలలో సీసపు గుండో, రాగి కాసో మడకకు తగులుట వింతకాదు. అట్టిది దొరకినప్పుడు 1878 నాటి నిధినిక్షేపముల చట్టము వర్తించును. నేలలో దాగియుండి దొరకిన వస్తువు వెల పదిరూపాయలకు మించినచో, దొరికినవారు దాని స్వభావమును, అందాజు వెలను, దొరకిన స్థలమును, తేదీని కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలయును. దానిని ప్రభుత్వ ఖజానాలో నుంచవలయును, లేదా హామీ ఇయ్యవలయును. విచారణలో నిధికి సొంతదారు తేలక, నేల వేరొకరిదైనచో, వారిరువురి నడుమ ఒడంబడిక లేనప్పుడు దొరకినవారికి ముప్పాతిక, నేలగలవారికి పాతిక చెందును. ప్రభుత్వమువారు కోరినచో వెలయిచ్చి తామే తీసికొనవచ్చును. దాచిపెట్టినవారికి ఆ భాగము పోవుటయే గాక, ఏడాదివరకు కారాగారము, జరిమానా, లేక రెండును విధింపవచ్చును. దాచుటకు తోడ్పడిన భూస్వామికిని శిక్ష గలదు. ఎర్రగుడి వద్ద 1929లో బయటపడిన అశోకుని శాసనముల వంటి రక్షిత స్థలముల పరిసరములలో యంత్రముతో తిరుగుటయే సందేహమునకు కారణమగును. అచ్చట త్రవ్వుట నేరము. కూలిస్త్రీ నిన్న పోగొట్టుకొన్న కమ్మ మాత్రము నిధి కాదు. అది ఆమెది, దొరకినవెంటనే ఆమెకు చేర్చవలయును.

ఒక్కొక్క రైతు ఒక్కొక్క యంత్రమును కొనుట దండుగ. ఏడాదిలో నాలుగైదు దినములు పని యుండు వస్తువిది. నేతపనివారు 1938లో ఎమ్మిగనూరున సహకార సంఘమును స్థాపించుకొన్నట్లే, ఇట్టి ఉమ్మడి పనిముట్టును గ్రామ సంఘమే కొని, సభ్యులకు తక్కువ బాడుగకు ఇచ్చుట మేలు. ఇచ్చునప్పుడు పుస్తకములో పేరు, సర్వే నంబరు, పోయిన వస్తువు, ఇచ్చిన తేదీ వ్రాయించుకొనవలయును. సొంత చేనికి, లేక చేనిగలవారి వ్రాతమూలమగు అనుమతి గల చేనికి మాత్రమే ఈయవలయును. తిరిగి వచ్చిన యంత్రమునకు బ్యాటరీలను తీసివేసి, వేరుపాటు మీటను సున్నవద్దకు త్రిప్పి భద్రపరుపవలయును.